గురువు బొటనవేలు

గంగమ్మ సంబరం రోజున, ఆట మొదలుపెట్టే ముందు తప్పెట మెడలో వేసుకుని, గొల్లపేట మగవాళ్ళు పద్దెనిమిది మందీ ఇసకలో ఒకే వరసగా నిలబడేవారు. ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ వెనక్కి తిరగకూడదు. కూర్మనాథం గురువు వాళ్ళ వెనకగా నడిచి వస్తూ ఒక్కొక్కడి నడుము మీద, వెన్ను లోపలికి వంగే చోట, కుడిచేతి బొటనవేలు పెట్టి నొక్కేవాడు. వేలు గుంటలోకి దిగిపోతే “దింపు” అనేవాడు. ఆ మాట విన్నవాడు మోకాళ్ళు వదులు చేసి, వెన్ను చివరి ఎముకను నేలవైపు జార్చి, గుంట పూడేలా సరిగ్గా నిలబడాలి. మూడుసార్లు “దింపు” అనిపించుకున్నవాడు ఆ రోజుకి తప్పెట పక్కన పెట్టి, పక్కకి వెళ్ళి తాళం వెయ్యాల్సిందే. నిలబడ్డం బాగుంటే గురువు ఏమీ అనేవాడు కాదు. తర్వాతి వాడి వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఆ పేటలో గురువు ఏమీ అనకపోవడం కంటే పెద్ద మెప్పు లేదు.

ఆ మెప్పు మల్లేసుకి వరసగా ఎనిమిదేళ్ళు దక్కింది.

సముద్రం ఒడ్డు అక్కుపల్లికి పైన కొబ్బరితోటల మధ్య ఉంది ఆ పేట. నౌపడాలో రైలు ఆగడం అప్పటికి ఇంకా కొత్తగానే ఉండేది. పిల్లలు దాని కూత విని ఆట మానేసి నిలబడిపోయే రోజులు. మల్లేసు పదహారేళ్ళప్పుడు గురువు దగ్గర చేరాడు. ఏడాది పాటు గురువు అతని చేతికి తప్పెట ఇవ్వలేదు. పొద్దున్నే పశువులను తోలుకుపోయే ముందు ఇసకలో నిలబడ్డమే పాఠం.

“పాదాల మద్దెన జానెడు ఎడం. బరువు మడం మీద సగం, ముందు సగం. మోకాలు సిప్పలు బిగించీకు, నువ్వేటి గుంజవా? పొట్ట కాత్త లోపలికి. ఛాతీ ఎగదన్నీకు. నడుం గుంటలో నీళ్ళు పోత్తే నిలబడకూడదు, జారిపోవాల,” అనేవాడు గురువు.

“నిలబడ్డం కూడా నేర్పాలేటి గురువా? పుట్టి ఏడాదికే నేర్సుకున్నాం కదా,” అని ఒకరోజు పాపారావు నవ్వాడు. పాపారావు మల్లేసుకి వరసకి బావ. నోరు ఊరుకోదు.

“నువ్వు పుట్టినప్పుడు నీ మెడలో తప్పెట నేదు. ఆ బరువు ముందుకి లాగుద్ది. లాగితే నువ్వు ఎనక్కి ఇరుత్తావు. ఇరిసి ఇరిసి ఎగిరితే నలభయ్యేళ్ళకి సాప మీంచి లెగలేవు. మా అయ్య లెగలేదు. నాను సూసినాను,” అన్నాడు గురువు.

ఆ మాట మల్లేసు మనసులో నాటుకుంది. ఎవరి నడుము వాళ్ళకి కనపడదు. అందుకే వెనక ఒకడు ఉండాలి, ఆ ఒకడే గురువు. అతనికి అర్థమైనంత వరకూ గురుభక్తి అంటే అదే. శనివారం ఒంటిపూట తినేటప్పుడు దేవుడికి దండం పెట్టి, ఆ తర్వాత గురువు ఇంటివైపు తిరిగి కూడా చెయ్యెత్తేవాడు.

తర్వాతి ఏళ్ళలో మల్లేసు వరసలో ముందువాడు అయ్యాడు. ముందువాడు పాట ఎత్తుతాడు. ఆట ముదిరాక, తప్పెట కొడుతూనే వెనక్కి వంగి, నేల మీద పెట్టిన తమలపాకును నోటితో అందుకుంటాడు. అది చూడ్డానికే చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చేవారు.

ఒక ఏడాది వేసవిలో గురువు మనవరాలు గౌరికి అమ్మవారు పోసింది. ఆరేళ్ళ పిల్ల. వేపమండల మీద పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. గురువు గంగమ్మ గుడి గడప మీద తల ఆనించి, అందరూ వింటుండగా మొక్కుకున్నాడు. పిల్ల బతికితే మూడేళ్ళు వరసగా సంబరంలో తన పేట తప్పెటే అమ్మ ఘటానికి ముందు నడుస్తుందని. ఘటానికి ముందు నడిచే వరుస ఊరికే రాదు. అయిదారు ఊళ్ళ జట్లు ఆడతాయి, పెద్దలు చూస్తారు, మేలైన జట్టుకే ఆ చోటు. పిల్ల బతికింది. మొహం నిండా మచ్చలతో, అంతకు ముందు కంటే ఎక్కువ అల్లరితో.

మొదటి ఏడాది మల్లేసు ఆటకి జనం ఊగిపోయారు. ఛాతీ ఎత్తి, తప్పెటను గడ్డం దాకా లేపి, నడుము వెనక్కి విల్లులా వంచి నిలబడితే దూరం నుంచి చూసేవాళ్ళకి ఆ మనిషి రెండింతలు కనపడేవాడట. తను అలా నిలబడుతున్నాడని మల్లేసుకి తెలియదు. కేకలు విన్నప్పుడు ఒళ్ళు దానంతట అదే విచ్చుకునేది. ఆ ఏడాది ఘటానికి ముందు గొల్లపేటే నడిచింది.

నొప్పి ఆ చలికాలంలో మొదలైంది. పొద్దున్నే లేవగానే నడుము దగ్గర ఎవరో మేకు దిగేసినట్టు ఉండేది. పక్కకి దొర్లి, చేతులు నేలకి ఆనించి, ముసలివాడిలా లేచేవాడు. రెండో ఏడాది ఊడ్పుల్లో సగం మడి కూడా వంగలేకపోయాడు.

“నీ నడుం లోపలికి పోయినట్టుంది. కాత్త నిలబడు, సూత్తాను,” అంది అతని భార్య ఎర్రమ్మ.

“నువ్వేటి సూత్తావు? అది గురువు పని. సంబరానికి ముందు ఏలెట్టి సూసినాడు. ఏటీ అనలేదు.”

“అనలేదు సరే. నీకు నొప్పుంది కదా.”

“నొప్పి ఏరేది. నిలబడ్డం ఏరేది,” అన్నాడు మల్లేసు.

నిలబడ్డంలో తప్పు లేదు కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉందని అతను వెతికాడు. టెక్కలి వెళ్ళి వైద్యుడి దగ్గర తైలం తెచ్చుకున్నాడు. మంచం తాళ్ళు బిగించాడు. కొబ్బరిబస్తాలు మొయ్యడం మానేశాడు. ఏదీ పని చెయ్యకపోతే, తను చేసిన పాపం ఏదైనా ఉందేమోనని ఆలోచించాడు. చిన్నప్పుడు పొరుగువాళ్ళ దూడను రాయితో కొట్టిన సంగతి గుర్తొచ్చి, నలభై రోజులు గడ్డిపరక తుంచకుండా, కటికనేల మీద పడుకుని దీక్ష పట్టాడు. ఆ నేల మీద నొప్పి ఇంకా పెరిగింది. అప్పుడు కూడా అతనికి ఒకటే ధైర్యం. గురువు వేలు పెట్టి చూశాడు, ఏమీ అనలేదు.

రెండో ఏడాది సంబరంలో కూడా తమలపాకు అందుకున్నాడు. లేచేటప్పుడు కళ్ళు చీకట్లు కమ్మాయి. జనం కేకల్లో అతని మూలుగు ఎవరికీ వినపడలేదు. ఘటానికి ముందు గొల్లపేటే నడిచింది.

మూడో సంబరానికి నెల రోజులు ఉందనగా, ఒక మధ్యాహ్నం నూకమ్మ అతని అరుగు దగ్గర గంప దింపింది. నూకమ్మ అక్కుపల్లి మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి పలాస దాకా వెళ్ళి వస్తుంది. యాభై దాటాయి. ఆ గంపతో పొలం గట్ల మీద నడుస్తుంటే అందులో నిండు బిందె పెట్టినా నీళ్ళు తొణకవు.

మల్లేసు గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. నూకమ్మ అతన్ని పక్కనుంచి చూసి బుగ్గ నొక్కుకుంది.

“ఏటి గొల్లబావా, ఇంకా అలాగే ఇరిసీసి నిలబడతన్నావు? నీ నెత్తిన నా గంప పెడితే గంప కన్న ముందు నువ్వు పడిపోతావు.”

ఎర్రమ్మ నవ్వుతూ, “మావోడు ఆటగాడు. మీలాగ సేపలమ్మీవోడు కాడు,” అంది.

“ఆటైనా సేపలైనా నడుం ఒకటే కదేటమ్మా. నాను సెప్పినట్టు నిలబడమని మీ గురువు సెప్పలేదేటి?”

“నువ్వు సెప్పినట్టా?” అన్నాడు మల్లేసు.

నూకమ్మ పోక చెక్క నోట్లో వేసుకుంది. ఆమెకి అందులో దాచాల్సింది ఏమీ కనపడలేదు.

“రెండేళ్ళ కిందట, మీ మొక్కు మొదటి సంబరం అయిన మర్నాడు, మీ గురువు నన్ను గట్టు మీద ఆపీసినాడు. ‘మా ముందోడు నడుం ఇరిసీసి నిలబడతన్నాడు. గుంటలో నా ఏలు కణుపు దాకా దిగిపోతంది. ఇంత బరువు మోసీ మీ ఆడోలు నడుం ఎలా కాసుకుంటారు?’ అనీసి అడిగినాడు. నాను నడిసి సూపించినాను. మోకాలు ఒదులు, తోకెముక కిందకి, డొక్కలు మూసుకుని ఉండాల, నెత్తి మీంచి ఎవులో జుట్టు అట్టుకుని లాగినట్టు మెడ నిలబడాల అనీసి సెప్పినాను. బాగా సూసినాడు. ‘ఇలాగే ఇంకో రెండేళ్ళు ఆడితే ఏటవుద్ది?’ అని కూడా అడిగినాడు. ‘అప్పుడింక మనిషి నీకు పనికిరాడు’ అన్నాను. నీకు సెప్పలేదేటి?”

ఎర్రమ్మ మల్లేసు మొహం చూసి, నూకమ్మ ఇచ్చిన చేపలు కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నూకమ్మ ఏదో తప్పు మాట అన్నానని గ్రహించి గంప ఎత్తమంది. అతను వంగి ఎత్తాడు. వంగినందుకు నడుములో మేకు కదిలింది.

ఆ సాయంత్రం అతను గురువు ఇంటికి వెళ్ళాడు. గౌరి వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. గురువు అతన్ని చూసి, “రా అల్లుడా,” అని వరస కలిపి చాప వేశాడు. తానే మజ్జిగ ముంత తెచ్చి ఇచ్చాడు. మల్లేసు దారి పొడుగునా అడగాల్సిన మాటలు వరస పెట్టుకుంటూ వచ్చాడు. మజ్జిగ ముంత చేతిలోకి వచ్చేసరికి అవన్నీ ఎటో పోయాయి. ఇన్నేళ్ళుగా ఆ మనిషి ముందు తల ఎత్తి అడిగిన అలవాటు లేదు.

చివరికి ముంత కింద పెట్టి, “గురువా, నా నిలబడ్డం బాగుందా?” అన్నాడు.

గురువు గౌరి వైపు చూశాడు. పిల్ల ఒంటికాలి మీద గెంతుతోంది.

“ఏటైనా అన్నానేటి నీకు?” అన్నాడు.

“అనలేదు.”

“మరింకేటి. మజ్జిగ తాగు.”

మల్లేసు తాగాడు. మజ్జిగ చిక్కగా, కమ్మగా ఉంది. ఆ రుచి అతనికి చాలా రోజులు గుర్తుంది. నూకమ్మ మాట అబద్ధం అయి ఉంటే బాగుండునని ఇంటికి వస్తూ దారి పొడుగునా కోరుకున్నాడు. ఆమెకి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది? పోనీ, గురువు మర్చిపోయాడా? పద్దెనిమిది నడుములు చూసేవాడు ఒకటి మర్చిపోవచ్చు. మర్చిపోయినవాడు గట్టు మీద ఆపి మరీ అడుగుతాడా?

సంబరం రోజు వచ్చింది. పసుపు రాసిన ఘటం గుడి ముందు ఉంది. ఆరు ఊళ్ళ జట్లు ఆరు చోట్ల గజ్జెలు కట్టుకుంటున్నాయి. గొల్లపేట వాళ్ళు ఇసకలో వరసగా నిలబడ్డారు. మల్లేసు మొదట. పక్కన పాపారావు. మల్లేసు కావాలనే ఏమీ సర్దుకోలేదు. జనం కేకలు వేసినప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే, ఒళ్ళు ఎలా వస్తే అలా వదిలేసి నిలబడ్డాడు.

గురువు అడుగుల చప్పుడు వెనక ఆగింది. బొటనవేలు నడుము మీద పడింది. పైపైన, ఎండుటాకు వాలినట్టు పడింది. మల్లేసుకి అప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా ఆ వేలు అలాగే పడుతోంది. నొక్కడం ఎప్పుడో మానేసింది.

వేలు లేవబోయింది.

“గట్టిగా నొక్కు గురువా,” అన్నాడు మల్లేసు.

వరసలో మాట్లాడకూడదు. పాపారావు పక్కకి తిరిగి చూడబోయి మళ్ళీ ముందుకి తిరిగాడు. “ఓరి బావా, నోరు మూయీ,” అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

“గట్టిగా నొక్కు. నాకు నువ్వు తప్ప సూసీవోడు లేడు.”

వేలు నొక్కింది. గుంటలోకి దిగింది, దిగి కణుపు దగ్గర ఆగింది. మల్లేసు ఒక్క మాట కోసం ఎదురుచూశాడు. గురువు ఇప్పుడు “దింపు” అంటే చాలు. మూడుసార్లు అనిపించుకుని, ఈ ఏడాదికి తాళాల దగ్గరికి వెళ్ళిపోతాడు. వచ్చే ఏడాది మళ్ళీ ఈ వేలి ముందుకే వచ్చి నిలబడతాడు. జరిగిన రెండేళ్ళ గురించి ఎప్పుడూ అడగడు. గుడి గోపురం వైపు చూస్తూ ఆ మాట అమ్మకే చెప్పుకున్నాడు.

వేలు లేచింది. అడుగులు పాపారావు వెనక్కి కదిలాయి.

మల్లేసు ఇంకో నాలుగు ఊపిర్లు అలాగే నిలబడ్డాడు. తర్వాత మెడలోంచి తప్పెట తీసి, వెనక్కి తిరిగి, గురువు కాళ్ళ దగ్గర ఇసకలో బోర్లా పెట్టాడు. వరసలో ఉన్న పదిహేడు మందీ వెనక్కి తిరిగారు. ఆ పేటలో ఎప్పుడూ అలా జరగలేదు.

“ఈ ఒక్క యేడాది, అల్లుడా,” అన్నాడు గురువు గొంతు తగ్గించి. “అమ్మ మొక్కు. నీకు తెల్దా?”

“మొక్కు నీది గురువా. నడుం నాది.”

“నీకు సెడు జరగాలనీసి నాను ఎప్పుడూ...”

“అనుకోలేదు. నాకు తెలుసు. అవుద్దని మాత్రం నీకు తెలుసు. నూకమ్మని అడిగినావు.”

ఆ పేరు వినగానే గురువు మొహం మారిపోయింది. పిల్ల గౌరి ఆడవాళ్ళ గుంపులోంచి తాతను చూసి చెయ్యి ఊపుతోంది.

“నలభై రోజులు నేల మీద తొంగున్నాను గురువా,” అన్నాడు మల్లేసు. “ఏ పాపం సేసినానో అనీసి.”

అంతే. గుడివైపు తిరిగి దండం పెట్టుకుని, మళ్ళీ గురువు వైపు చూడకుండా తోటల దారిన ఇంటికి నడిచాడు. గజ్జెలు విప్పడం మర్చిపోయాడు. దారంతా అవి మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే పాపారావు వచ్చాడు. తనను ముందు నిలబెట్టారని, తమలపాకు అందలేదని, మట్టి నోట్లోకి పోయిందని చెప్పాడు.

“జనం ఒకటే నవ్వు బావా. ఆకు కోసం వంగితే అమ్మవారికి ఎల్లకిలా సాష్టాంగం పెట్టీసినాను.”

“ముందు ఎవులు నడిసినారు?”

“భావనపాడు దారిలో ఊరోలు. మనోలు ఆఖరు.” పాపారావు అరుగు మీద కూర్చున్నాడు. “గురువు ఘటం ఎనకాల నడిసినాడు, ఒక్కడూ. ఎవులితోటీ మాటాడనేదు. నిన్ను గురించి ఏటన్నాడో తెలుసా?”

“ఏటన్నాడు?”

“ఏటీ అనలేదు.”

మల్లేసు నవ్వబోయాడు. రాలేదు.

పాపారావు వెళ్ళాక అతను అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. మొక్కు తప్పినందుకు పిల్లకి ఏమైనా అవుతుందేమోనని రాత్రి నుంచీ అతనికి భయంగా ఉంది. కాసేపటికి గౌరి దూడను తోలుకుంటూ వీధిలో పరిగెత్తింది. మచ్చల మొహం ఎండలో మెరుస్తోంది. అమ్మ ఈ మూడో ఏడు అడగలేదేమో. అడగకపోతే, మొదటి రెండేళ్ళూ మాత్రం అడిగిందా? ఒకడి మొక్కు ఇంకొకడి వెన్నుతో తీరుస్తుంటే అమ్మ చూస్తూ ఊరుకుందా, లేక నూకమ్మ గంప ఆ రోజు ఈ అరుగు మీద దిగింది అందుకేనా? అతను చదివింది రెండో తరగతి. ఇలాంటివి ఎవర్ని అడగాలో తెలియదు. ఇంతకు ముందైతే గురువును అడిగేవాడు.

లేచి గుంజ దగ్గర నిలబడ్డాడు. పాదాల మధ్య జానెడు ఎడం పెట్టాడు. బరువు మడమ మీద సగం, ముందు సగం. పాఠంలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ప్రతి మాటా ఆ గొంతులోనే వినపడుతోంది.

“ఎర్రమ్మా, ఒకసారి రా.”

ఎర్రమ్మ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

“ఎనక్కెళ్ళి నా నడుం మీద ఏలెట్టు. బొటనేలు. గట్టిగా.”

“నాదేటి, గురువు ఏలా?” అంది ఆమె. “అప్పుడు వద్దన్నావు కదా.”

“అప్పుడు వద్దన్నాను.”

ఆమె వెనక్కి వెళ్ళింది. వీధివైపు ఒకసారి చూసుకుంది. ఆడది మగాడి వెనక నిలబడి ఆట దిద్దడం ఆ పేటలో ఎవరూ చూసి ఉండరు. తర్వాత వేలు పెట్టింది. తిరగలిలో చోళ్ళు విసిరి విసిరి గట్టిపడిన వేలు. మొహమాటం లేకుండా నొక్కింది.

“గుంటుంది,” అంది. “సానా ఉంది.”

“అయితే ఆ మాట అను.”

“దింపు.”

అతను మోకాళ్ళు వదిలాడు. వెన్ను చివర కిందకి జారింది. నొప్పి పోలేదు, పక్కకి కొంచెం జరిగింది. అతని ఊపిరి చాలా రోజుల తర్వాత డొక్కల కిందదాకా దిగింది.

“ఇప్పుడు?”

ఎర్రమ్మ మళ్ళీ నొక్కింది. అతని మీద జాలిపడి వేలు తేల్చలేదు.

“ఇంకా ఉంది,” అంది. “దింపు.”